కంప్యూటర్ లేస్తాంది

నంద్యాలలో సీతారాం గారి ఇంటికి వీధి వైపు అంగడి, వెనక వైపు కాపురం. అంగడిలో విత్తనాలు, పురుగుమందులు అమ్ముతారు. రెండింటికీ మధ్య గోడలో చిన్న కిటికీ ఒకటి ఉంది. మునుపు దాంట్లోంచి లోపలివాళ్లు బయటికి కాఫీ గ్లాసులు అందించేవాళ్లు. కీర్తి కోడలుగా వచ్చిన తర్వాత దాంట్లోంచి బిల్లులు అందుతున్నాయి.

ఆ ఇంటి ఆడవాళ్లు అంగడిలో కూర్చోరు. ఎవరో పెట్టిన నియమం కాదు. ఎప్పుడూ కూర్చోలేదు, అంతే. బిల్లులు కొట్టే మనిషి లోపలే ఉండాలి కాబట్టి కంప్యూటర్ కూడా లోపలికే మార్చారు. మెట్ల కింద, ఆ కిటికీ పక్కనే, ఒకప్పుడు బియ్యం మూటలు వేసుకున్న గదిలో. అందులో నిటారుగా నిలబడితే తల మెట్టుకు కొట్టుకుంటుంది. బయట అంగడిలో ఆమె భర్త ఉమాశంకర్ మందు పేరు, ఎన్ని డబ్బాలు, రైతు పేరు, ఊరి పేరు కేకేస్తాడు. ఆమె కొడుతుంది. ప్రింటర్‌లోంచి వచ్చిన కాగితం కిటికీలోంచి బయటికి పోతుంది. ఆ అంగడికి ఏళ్ల తరబడి వస్తున్న రైతులు కూడా ఆమె గాజులు చూసి ఉంటారు గాని ముఖం చూసి ఉండరు.

నేను ఆళ్లగడ్డలో బస్టాండు వెనక వీధిలో పాత కంప్యూటర్లు బాగుచేస్తాను. కీర్తి పెళ్లికి ముందు నా దగ్గర పని చేసింది. వాళ్ల నాన్నది అదే వీధిలో కిరాణా అంగడి. డిగ్రీ పూర్తయ్యాక టైపింగ్ నేర్చుకుంటానని వచ్చి, టైపింగ్ వదిలేసి స్క్రూడ్రైవర్ పట్టుకుంది. చాలామందికి పని నేర్పాను. ఎక్కువమంది మిషన్ రాగానే విప్పేస్తారు. ఈ అమ్మాయి విప్పేది కాదు. ముందు ఆన్ చేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని చూసేది. ఏ దగ్గర ఆగుతోంది, ఆగినప్పుడు డిస్క్ తిరుగుతోందా లేదా, లైటు ఎట్లా మిణుకుమంటోంది, ఇవన్నీ చూసేది. క్యాబినెట్‌కి చెవి ఆనించి వినేది. ఆ తర్వాత చెప్పేది. చెప్పింది తప్పయిన సందర్భాలు లేకపోలేదు గాని, తప్పయితే ఎందుకు తప్పయిందో తెలిసేదాకా ఇంటికి పోయేది కాదు. వాళ్లమ్మ వచ్చి పిలుచుకుపోయేది.

పెళ్లిచూపుల్లో అబ్బాయి తరఫువాళ్లు, అమ్మాయికి కంప్యూటర్ వచ్చునా అని అడిగారట. బాగా వచ్చునని వాళ్ల నాన్న గర్వంగా చెప్పాడు. ఆయన అనుకున్న కంప్యూటర్ వేరు, వాళ్లు అడిగిన కంప్యూటర్ వేరు. పెళ్లయ్యాక నంద్యాలలో ఏదైనా సర్వీస్ సెంటర్లో చేరతానని కీర్తి అంటే, ఇంట్లోనే కంప్యూటర్ ఉంది కదా, బయటి కంప్యూటర్ ఎందుకని అత్తగారు వాసవాంబ అడిగింది. ఆవిడ ఎగతాళిగా అడగలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. దాంతో ఆ మాట అక్కడితో అయిపోయింది.

ఇక్కడి నుంచి చెప్పేది కీర్తి తర్వాత నాతో చెప్పింది కొంత, నేను కళ్లారా చూసింది కొంత.

ఆ ఇంట్లో ఆమె రోజు రెండు గొంతుల మధ్య నడిచేది. కిటికీలోంచి భర్త గొంతు, వంటింట్లోంచి అత్త గొంతు. బిల్లు లేనప్పుడు వంటిల్లు, వంట లేనప్పుడు బిల్లు. రెండూ లేనప్పుడు బట్టలు మడతపెట్టడం, మేడ మీద ఎండబెట్టినవి కిందికి దించడం. ఎవరూ ఆమెను తిట్టలేదు, కొట్టలేదు. చీర కొనిపెట్టారు, పండక్కి పుట్టింటికి పంపారు. వాళ్లు చెడ్డవాళ్లని ఆమె ఎప్పుడూ నాతో అనలేదు. ఊరికే పిలిచేవాళ్లు, అంతే. ఆమె ఎప్పుడు కూర్చుంటే అప్పుడు ఎవరో ఒకరు పిలిచేవాళ్లు.

కంప్యూటర్ లేస్తున్నప్పుడు మాత్రం పిలిచేవాళ్లు కారు.

దీనికి కారణం వాసవాంబ. కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు పక్కన మనిషి ఉండాలని ఆవిడ నమ్మకం. పొయ్యి మీద పాలు పెట్టి పక్కకు పోతే పొంగిపోయినట్టు, చూసే మనిషి లేకపోతే లోపల లెక్కలన్నీ పోతాయని ఎవరు చెప్పారో ఏమో. కీర్తి రాకముందు అంగడిలో బిల్లులు కొట్టిన గుమాస్తా ఎవరో కూర్చుని బీడీ తాగే తీరిక కోసం అట్లా చెప్పి ఉంటాడని నా అనుమానం. చుట్టాలు వచ్చి కోడలేదని అడిగితే, "ఉండండి, కంప్యూటర్ లేస్తాంది, ఆ పిల్ల రాకూడదు" అని ఆవిడే చెప్పేది.

అది ముసలి మిషన్. కీర్తి కాపురానికి వచ్చేసరికే లేవడానికి బాగా సేపు పట్టేది. మొదటి రోజు చూడగానే ఆమెకు చేతులు దురద పెట్టాయి. సి డ్రైవ్ నిండా మరిది పెళ్లి వీడియోలు. ఆన్ చేయగానే ఎవరూ అడగని ప్రోగ్రాములు పదీ పదిహేను వాటంతటవే లేచి కూర్చునేవి. ర్యామ్ తక్కువ. ర్యామ్ చాలనప్పుడు కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లో కొంత చోటు తీసుకుని దాన్నే ర్యామ్‌లాగా వాడుకుంటుంది. ఇక్కడ డిస్క్‌లోనూ చోటు లేదు. ఇరుకింట్లో పది మంది చుట్టాలు దిగినట్టుంది దాని పరిస్థితి. ఒక పూట కూర్చుంటే బాగుచేయవచ్చు. రేపు చేద్దామనుకుంది.

ఆ మధ్యాహ్నం కరెంటు పోయింది. యూపీఎస్‌లో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది కాబట్టి కంప్యూటర్ కూడా ఆగిపోయింది. కరెంటు వచ్చాక ఆన్ చేసి కూర్చుంది. తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. వంటింట్లోంచి అత్త కేకేసింది. అలవాటు లేక, "కంప్యూటర్ లేస్తాంది అత్తా" అని ఉన్నమాట చెప్పింది. వాసవాంబ వెంటనే, "అయితే ఉండు, నేనే చూసుకుంటాలే" అంది. పెళ్లయిన తర్వాత ఆమె కాళ్లు ముడుచుకుని, గోడకు వీపు ఆనించి, పిలుపు కోసం చూడకుండా కూర్చున్నది అదే మొదటిసారట. ఆ చుక్కలు తిరిగినంతసేపూ ఆ గది ఆమెది.

రేపు బాగుచేద్దామనుకున్నది ఎల్లుండికి పోయింది. తర్వాత దాని సంగతే ఎత్తలేదు. యూపీఎస్ బ్యాటరీ మార్చాలని కూడా ఎవరికీ చెప్పలేదు. రోజుకు ఎన్నిసార్లు కరెంటు పోతే ఆమెకు అన్నిసార్లు కూర్చునే వీలు. ఏం చేసేదానివి ఆ కాసేపు అని అడిగాను. "ఏమీ చేయనన్నా. కూచుంటా. అంతే" అంది.

మధ్యలో ఒకరిద్దరు మెకానిక్‌లు వచ్చారు. ఒకాయన బ్లోయర్‌తో దుమ్ము కొట్టి పోయాడు. ఇంకొకాయన కొత్తది కొనమన్నాడు. నడిచే ఎద్దును ఎవరన్నా కోతకు అమ్ముతారా అని సీతారాం ఆయన్ను పంపించేశాడు. కీర్తికి ఏ ఇబ్బందీ రాలేదు. ఇబ్బంది ఉమాశంకర్ వల్ల వచ్చింది. పెళ్లాం పాపం అంతసేపు తెర ముందు పడి ఉంటుందని జాలిపడి, ఎవరినో అడిగి, పెద్ద ర్యామ్ ముక్క ఒకటి కొనుక్కొచ్చి తనే బిగించాడు. సరిగ్గానే బిగించాడు. కంప్యూటర్ చకచకా లేచింది. ఆయన సంతోషంగా ఆమె ముఖం చూశాడు. ఆమె నవ్వింది.

ఆ వారమంతా ఆమెకు కూర్చోవడం కుదరలేదు. అత్త పిలిస్తే చెప్పడానికి ఏమీ లేకపోయింది.

అప్పుడు ఆమె ఒక పని చేసింది. కంప్యూటర్ లేచేటప్పుడు ఎంత మెమరీ వాడుకోవాలో చెప్పే చోటు లోపల ఒకటి ఉంటుంది. మామూలు మనిషి అక్కడికి పోడు, మెకానిక్‌లలో కూడా చాలామంది పోరు. అక్కడ ఒక గడిలో టిక్కు పెట్టి అంకె వేస్తే, ఎంత ర్యామ్ బిగించినా ఆ అంకె దాటి వాడదు. ఆమె చిన్న అంకె వేసింది. డిస్క్‌లోంచి ర్యామ్ కోసం తీసుకునే చోటును కూడా కుదించింది. ఎంత కుదిస్తే ఆలస్యమవుతుంది, ఎంత కుదిస్తే బిల్లు మధ్యలో బిగుసుకుపోతుంది, ఆ రెండింటికీ మధ్య చోటు పట్టుకోవడానికి ఆమెకు కొన్నాళ్లు పట్టింది. లేవడం నెమ్మదిగా ఉండాలి. బిల్లు మాత్రం పోకూడదు. ఆ అంకె ఉన్నంత కాలం ఆ అంగడిలో ఒక్క బిల్లు కూడా పోలేదు. ఉమాశంకర్ మాత్రం ఆ ర్యామ్ అమ్మినవాడు మోసం చేశాడని చాలా రోజులు తిట్టుకున్నాడు. అది వింటూ కూర్చోవడం కష్టంగా ఉండేదని చెప్పింది.

నిరుడు మిరపకు తామరపురుగు పడింది. ఊళ్లూళ్లూ మందుల అంగళ్ల ముందు నిలబడ్డాయి. వెలుగోడు దగ్గర కౌలుకు మిరప వేసిన జీవమ్మ అనే ఆమె మందు కోసం నంద్యాల వచ్చింది. అచ్చు బిల్లు లేకుండా మందు తీసుకోనంది, చేత్తో రాసింది వద్దంది. అంతకుముందు ఏడాది ఎక్కడో బిల్లు లేకుండా కొన్న మందు పని చేయలేదు, అడగబోతే కాగితం చూపించమన్నారు. అందుకని బిల్లు చేతిలో పడేదాకా కదలనని అరుగు మీద కూర్చుంది. అప్పుడే కరెంటు పోయి వచ్చింది. లోపల కంప్యూటర్ లేస్తోంది. జీవమ్మ ఎక్కాల్సిన ఆత్మకూరు బస్సు పోయింది. తర్వాతి బస్సుకు ఊరు చేరేసరికి చీకటిపడి, మందు కొట్టడం మరుసటి రోజుకు పోయింది. అదే వారం మళ్లీ వచ్చి అంగడి ముందు నిలబడి సీతారాంను అడగాల్సిన నాలుగు మాటలూ అడిగింది. పది మంది రైతులు విన్నారు. ఎదురుగా ఇంకో మందుల అంగడి ఉంది.

సీతారాంకు రోషం వచ్చింది. ఈసారి మంచి చెయ్యి కావాలనుకుని వియ్యంకుడికి ఫోన్ చేశాడు. మీ పిల్లకు పని నేర్పిన ఆయన ఎవరో ఉన్నాడే, ఆయన్ను పంపమన్నాడు. నంద్యాలలో ఏ మెకానిక్ వచ్చినా కీర్తికి భయం లేదు. నేను వస్తున్నానని తెలిసిన రోజు అన్నం తినలేదట.

నాకు ఇవేమీ తెలియదు. ఉదయం బస్సెక్కి నంద్యాలలో దిగాను. సంచిలో కొత్త డిస్క్ ఒకటి పెట్టుకున్నాను గాని, ఉన్నదాన్ని సరిచేసి చూడకుండా కొత్తది అమ్మడం నా పద్ధతి కాదు. అంగడి అరుగు మీద ఒకామె తువ్వాలు నెత్తిన వేసుకుని కూర్చుని ఉంది. జీవమ్మ అని తర్వాత తెలిసింది. నన్ను చూసి, "కంప్యూటర్ డాక్టరువా? బేగా చూడు నాయనా, ఈ పూటన్నా బస్సు దొరకనీ" అంది.

వాసవాంబ నాకు మంచినీళ్లు ఇచ్చి, మెట్ల గది తలుపు బార్లా తెరిచి, ఎదురుగా హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉంది. కీర్తి నా వెనక నిలబడింది, తల వంచుకుని. మెట్ల వల్ల వంచక తప్పదు. బాగున్నావా అంటే బాగున్నానంది. అంతకు మించి మాట్లాడలేదు. పెళ్లయిన పిల్ల, అత్తగారి ముందు, నేను కూడా పట్టించుకోలేదు.

ఆమె చేసినట్టే నేనూ ముందు ఆన్ చేసి చూశాను. డిస్క్ ఆగకుండా గరగరలాడుతోంది. విప్పి చూస్తే ర్యామ్ ముక్కలు రెండూ శుభ్రంగా ఉన్నాయి. తీసి, తుడిచి, చోట్లు మార్చి పెట్టాను. మదర్‌బోర్డు మొత్తం ర్యామ్ ఉందని చూపిస్తోంది. విండోస్ మాత్రం అందులో నాలుగో వంతే వాడుతోంది. ముక్క చెడిపోతే బోర్డుకే కనపడదు. బోర్డుకు కనపడుతోంది అంటే లోపల ఎవరో ఆపారు. మెమరీ సెట్టింగ్ తెరిచాను. గడిలో టిక్కు ఉంది. పక్కన అంకె.

అది వైరస్ వేసే అంకె కాదు, పొరపాటున పడే టిక్కు కాదు. డిస్క్ వైపు పోయి అక్కడి అంకె చూశాను. ఈ రెండు అంకెలూ ఒకదాన్నొకటి చూసుకుంటూ వేసినవి. వేసిన మనిషికి ఈ మిషన్ నరనరం తెలుసు. ఆళ్లగడ్డలో నా బల్ల దగ్గర కూర్చున్నవాళ్లలో అంత ఓపికగా కొలిచే చెయ్యి ఒక్కటే ఉండేది. వెనక్కి తిరిగాను. ఆమె నన్ను చూడలేదు, తెరను చూస్తోంది.

హాల్లో వాసవాంబ పాలవాడి పిలుపు విని గిన్నె తీసుకుని పోయింది.

"ఎందుకు పాపా?" అన్నాను.

అప్పుడు ఆమె గబగబా చెప్పింది. పైన రాసినదంతా అప్పుడే చెప్పలేదు. కూర్చోవడం గురించి చెప్పింది, ఉమాశంకర్ తెచ్చిన ర్యామ్ గురించి చెప్పింది. గొంతు తగ్గించి, వాకిలి వైపు చూస్తూ. చివర అడిగింది. "చెప్తావా అన్నా?"

చెప్పనన్నాను. నేను బాగుచేసి పోతే చాలు, ఎవరికీ ఏమీ తెలియదు. డిస్క్ పాతదైంది, సరిచేశాను అంటే సీతారాం నమ్ముతాడు. కాని బాగుచేస్తే ఆమెకు ఏమీ మిగలదు. బాగుచేయకుండా పోతే, నా వల్ల కాలేదని చెప్పి పోవాలి. ఆ మాట నేను అనగలను, అనడానికి నోరు రాదు గాని అనగలను. బయట అరుగు మీద కూర్చున్న ఆమె సంగతో? ఇదంతా కీర్తితో అనలేదు. ఏం చేయమంటావ్ అని మాత్రం అడిగాను.

ఆమె జవాబు చెప్పేలోపు కిటికీ దగ్గర జీవమ్మ తల కనపడింది. చువ్వలు పట్టుకుని లోపలికి తొంగిచూసింది. "అయితాందా తల్లీ? ఈ మందు ఈ పొద్దు పడకపోతే మడిలో ఆకు మిగలదు. మొన్న మీ మిషన్ పుణ్యాన ఒక దినం పోయింది."

జీవమ్మ ఆమె ముఖం చూడటం, ఆమె జీవమ్మ ముఖం చూడటం అదే మొదలు. అంతవరకూ జీవమ్మ అంటే బిల్లు మీద ఒక పేరు, ఒక ఊరు.

"లెయ్యన్నా" అంది కీర్తి నాతో. "నేను చేస్తా."

లేచాను. గదిలో ఇద్దరం నిలబడే చోటు లేదు, గుమ్మం బయట నిలబడ్డాను. ఆమె చేసిన పని చూడ్డానికి బాగుండింది. తడబాటు లేదు. ముందు మెమరీ గడిలో టిక్కు తీసింది. డిస్క్ చోటును మిషన్ తనకు కావాల్సినంత తీసుకునేట్టు వదిలింది. పెళ్లి వీడియోలన్నీ రెండో డ్రైవ్‌కి పంపింది. ఏళ్లుగా పేరుకున్న తాత్కాలిక ఫైళ్లు ఊడ్చేసింది. ఆన్ కాగానే లేచి కూర్చునే ప్రోగ్రాముల్లో బిల్లుకు అక్కర్లేనివన్నీ ఆపింది. ఏది ఆపాలో వెతుక్కోలేదు. ఇన్నాళ్లూ వాటిని వరసగా చూస్తూ కూర్చున్న మనిషి. మిషన్ ఆపి మళ్లీ ఆన్ చేసింది. జీవమ్మ కిటికీ దగ్గరే ఉంది. చుక్కలు నాలుగు చుట్లు తిరిగాయి, తెర వచ్చేసింది. కీర్తి బిల్లు కొట్టి కిటికీలోంచి ఇచ్చింది.

అంగడిలోంచి సీతారాం, వెనక ఉమాశంకర్ లోపలికి వచ్చారు. పాల గిన్నెతో వాసవాంబ కూడా వచ్చింది. సీతారాం మళ్లీ ఆన్ చేయించి చూశాడు. ముఖం వెలిగిపోయింది. చెయ్యంటే నీదప్పా అన్నాడు నాతో. చేసింది నేను కాదు, మీ కోడలు అన్నాను. ఆయన వినిపించుకోలేదు. ఇంత బేగా అయితే సిరివెళ్ల రోడ్డులో ఉన్న తన తమ్ముడి అంగడి బిల్లులు కూడా ఇక్కడే కొట్టించొచ్చని ఉమాశంకర్‌తో అంటున్నాడు. వాళ్లు ఫోన్లో చెప్తే సరిపోతుంది, కోడలు కొడుతుంది. వాసవాంబ సరేనన్నట్టు తలూపింది. కీర్తి కుర్చీలో అట్లాగే ఉంది. నాకు ఆ మెట్లు ఇంకా కిందికి దిగినట్టు అనిపించింది.

"ఇంతకూ దానికేం రోగమప్పా?" అని సీతారాం నన్ను అడిగాడు.

నేను స్క్రూడ్రైవర్ తుడుచుకుంటూ కీర్తి వైపు చూశాను.

"రోగం కాదు మామా" అంది కీర్తి. "నేనే ఆపి పెట్టినా."

ఆయనకు అర్థం కాలేదు. ఆమె మళ్లీ చెప్పింది, మొదటిసారి కంటే మెల్లగా. ర్యామ్ సంగతి కూడా చెప్పింది, ఉమాశంకర్ వైపు తిరిగి, అమ్మినవాడి తప్పు లేదని. ఉమాశంకర్ గోడకు ఆనుకున్నాడు.

"ఎందుకు?" అన్నాడు సీతారాం.

"కూచోవాలని."

వాసవాంబ పాల గిన్నె కింద పెట్టింది. "ఈ ఇంట్లో నిన్ను కూచోవద్దని ఎవరన్నారే?"

"ఎవరూ అనలే అత్తా. ఎవరూ కూచోనీలే."

కిటికీ దగ్గర జీవమ్మ బిల్లు మడిచి రొంటిన దోపుకుంటోంది. ఆమె అంతా వినింది. ఆ ఇంట్లోవాళ్ల కంటే ముందు ఆమెకే అర్థమైనట్టుంది. "అయితే నువ్వు కూచునేదానికి నా బస్సు పోగొట్టినావా?" అంది. కీర్తి అవునంది. "కూచో తల్లీ, కూచోవాల్సిందే. నేనూ మడిలో గట్టు మీద కూచుంటా, ఎవరన్నా అడిగితే కాళ్లు లాగుతాండాయని చెప్తా. కానీ నా బస్సు టైములో వద్దు." అని సంచి తీసుకుని పోయింది.

సీతారాం కోప్పడతాడనుకున్నాను. కోపం వచ్చింది, కాని దాన్ని ఎటు విసరాలో ఆయనకు తెలియలేదు. అంగడి పరువు అన్నాడు, ఎదురు అంగడి అన్నాడు. బయట రైతులు ఉన్నారని గొంతు తగ్గించుకున్నాడు. కీర్తి అన్నిటికీ తలూపింది. తప్పు తనదేనంది. ఆ తర్వాత అడిగింది.

"చిన్నమామ అంగడి బిల్లులు కూడా కొడతా మామా. మిషన్ ఇంక ఎప్పుడూ ఆలస్యం చేయదు. మధ్యాహ్నం తిన్నాక ఒక గంట నన్ను ఎవరూ పిలవొద్దు."

"ఆ గంటలో ఏం పని నీకు?" అంది వాసవాంబ.

"ఏ పనీ లేదత్తా. అందుకే."

వాసవాంబ నా వైపు చూసింది, పరాయి మనిషి ముందు ఈ మాటలేందన్నట్టు. నేను సంచి సర్దుకుంటున్నాను. సీజన్ పోనీ, తర్వాత చూద్దామని సీతారాం అన్నాడు. అప్పుడు ఉమాశంకర్ నోరు విప్పాడు. ఆ గంటసేపు బిల్లులు తను చేత్తో రాసిస్తానన్నాడు, సాయంత్రం వాటిని కంప్యూటర్లోకి ఎక్కించుకోవచ్చు, తిండి వేళ రైతులు కూడా తక్కువే వస్తారు. అతను పెళ్లాం వైపు చూడకుండా అన్నాడు. ర్యామ్ సంగతి అతనికి ఇంకా మింగుడు పడలేదనుకుంటాను. అయినా అన్నాడు.

సీతారాం సరే అనలేదు, కాదనలేదు. అంగడిలోకి పోయాడు. వాసవాంబ పాల గిన్నె ఎత్తుకుంటూ, గంటసేపు ఊరికే ఉంటే నడుము పట్టేస్తుంది, ఆ కాసేపు చింతపండు గింజలు తీసిపెడితే తనకు సాయంగా ఉంటుంది కదా అంది. ఆవిడ కసిగా అనలేదు. కోడలికి ఏదో ఒక దారి చూపిద్దామనే అంది. అది చూస్తే నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

"తీయనత్తా" అంది కీర్తి.

కిటికీలోంచి ఉమాశంకర్ గొంతు ఒక మందు పేరు, ఒక ఊరి పేరు కేకేసింది. ఆమె కీబోర్డు మీద చేతులు పెట్టింది. నేను వస్తానని చెప్పి బయటపడ్డాను. యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించమని సీతారాంకు చెప్పి బస్సెక్కాను.

తర్వాత దసరాకు పుట్టింటికి వచ్చినప్పుడు కీర్తి నా షాపుకు వచ్చింది. ఆ గంట దక్కుతోందా అని అడిగాను. కొన్ని రోజులు దక్కుతుంది, కొన్ని రోజులు దక్కదంది. మొదట్లో అత్త ఆ గంటలో ఏదో ఒక నెపంతో గది ముందు నుంచి అటూ ఇటూ తిరిగేదట, నిజంగా ఏమీ చేయకుండా కూర్చుందా అని చూడ్డానికి. ఒకసారి తనే వచ్చి గుమ్మంలో కూర్చుందట, కాసేపు. తర్వాత లేచిపోయింది. చిన్నమామ అంగడి బిల్లులతో మిగతా రోజంతా ఊపిరి ఆడటం లేదని కూడా చెప్పింది. ఆ గది మెట్ల కిందే ఉంది, ఆ ఇల్లు ఆ ఇల్లే. నా దగ్గర బల్ల మీద ఎవరో రైతు కొడుకు ల్యాప్‌టాప్ విప్పి పడి ఉంటే, అడక్కుండానే దగ్గరికి లాక్కుని చూసింది. ఫ్యాన్ దగ్గర వైరు నలిగిందని చెప్పింది. నేను రెండు రోజులుగా వెతుకుతున్నది అదే.

పోయిన వారం ఒక మిషన్ దగ్గర చిక్కుపడి, ఆమెను అడుగుదామని ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. గడియారం చూస్తే మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. మళ్లీ చేయలేదు. సాయంత్రం దాకా ఆ మిషన్‌ను అట్లాగే పక్కన పెట్టాను.